గీతల్లేని స్క్రూలతో నాలుగేళ్లు

చెన్నై పెరుంగుడిలో మా ఫ్లాట్‌కి ఈ చిన్న ఎచింగ్ ప్రెస్, అంటే రేకు మీద గీసిన బొమ్మను రోలర్‌తో నొక్కి కాగితం మీదకి దింపే యంత్రం, వచ్చి నాలుగేళ్లయింది. కొత్తలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనేయమన్నాను. ఇప్పుడైతే కాస్త కళ్లు తెరిచి ఆ రెండు స్క్రూలు చూడమంటాను.

రోలర్ ఒత్తిడి మార్చేది అవే, అటొకటి ఇటొకటి. వాటి మీద గీత లేదు, అంకె లేదు. ఎంత బిగించామన్నది చేతికే తెలియాలి.

మొన్న జనవరిలో పళ్లికరణై చిత్తడి నేలను రాగి రేకు మీద డ్రైపాయింట్‌లో గీశాను. బురద, రెల్లు, వెనకాల అపార్ట్‌మెంట్లు. పదిహేను రాత్రుల పని. ఇందులో యాసిడ్ ఉండదు. సూది రాగిని చీల్చుకుంటూ పోతుంటే గీత పక్కన సన్నగా అంచు లేస్తుంది, దాన్నే బర్ అంటారు. ఇంకు దానికి పట్టుకుంటేనే ఆ మఖమల్ నలుపు. మొదటి రెండు ప్రింట్లు చూసి నా దిష్టే తగులుతుందనుకున్నాను. మూడోది ఎడమ పక్క కాస్త పాలిపోయినట్టు అనిపిస్తే, ఆ స్క్రూ ఒక్క చుట్టు తిప్పాను. నాలుగోది ఎత్తి చూస్తే ఎడమ పక్క రెల్లంతా బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్లా ఉంది. బర్ అణిగిపోయింది! కుడి పక్క మాత్రం నిగనిగలాడుతోంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

డ్రైపాయింట్ ఎలాగూ పది, ఇరవై ప్రింట్లకి అరిగిపోతుంది, ఒప్పుకుంటాను. మరీ నాలుగుకా?

చివరికి గిండీలో లేత్ షాపుకి పట్టుకెళ్లి స్క్రూ తలల చుట్టూ పన్నెండేసి గీతలు కొట్టించాను. “ఇది వాళ్లే చేసివ్వాలి కదా సార్” అన్నాడాయన. బరువు తక్కువని నేను మెచ్చుకున్నది కూడా ఇదే ప్రెస్సును. హ్యాండిల్ తిప్పితే బల్లతో సహా కదులుతుంది, క్లాంపులు తప్పవు.

ఎచింగ్ మాత్రమే చేసేవాళ్లకి ఇంత బాధ ఉండదేమో. అక్కడ గీతను ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం రాగిని తిని లోపలికి దింపుతుంది, ఒత్తిడి కొంచెం అటూఇటూ అయినా నిలుస్తుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1643 నాటి మూడు చెట్ల దృశ్యంలో రెండూ ఒకే రేకు మీద కలిపాడు. నేనూ ఇప్పుడు ఆకాశం, భవనాలు ఎచింగ్‌లో, ముందున్న రెల్లు ఒక్కటే డ్రైపాయింట్‌లో చేస్తున్నాను.

గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీ స్టూడియోకి దగ్గర్లో ఉండుంటే దీన్ని కొనేవాణ్ణి కాదు. ఆఫీసు అయ్యాక ఆ ట్రాఫిక్‌లో ఎవరు పోతారు? పాత రేకు మీదే ఎడమ పక్క రెల్లు మళ్లీ గీస్తున్నాను. ఈసారి స్క్రూ ఏడో గీత దగ్గర.