రథం చూడ్డానికి పూరీయే వెళ్లాలా, పర్లాకిమిడి చాలదా?

ఆషాఢం దగ్గరపడితే చాలు, ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి తెలుగిళ్లలో ఒకటే చర్చ. ఈసారైనా జగన్నాథ రథయాత్రకి పూరీ వెళ్దామా, ఎప్పట్లాగే ఇక్కడి రథమే చూసి ఊరుకుందామా అని. గుణుపూర్ నుంచి పూరీకి ప్యాసింజరు ఉంది, పండక్కి స్పెషల్ రైళ్లూ వేస్తారు, కాబట్టి వెళ్లడం పెద్ద పనేం కాదు. వెళ్లాక ఏం కనిపిస్తుందన్నదే అసలు సంగతి. తాడు పట్టుకుని లాగాలి, పుణ్యం రావాలి అనుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లకి నేను చెప్పేదేం లేదు. ఇది కేవలం చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం.

ముందు పూరీ మొదటి రోజు, అంటే విదియ. టీవీలో చూసి రథాలు గబగబా వెళ్లిపోతాయనుకుంటారు గానీ, అక్కడ ఎక్కువ భాగం ఎదురుచూపే. విగ్రహాల్ని ఊపుకుంటూ రథాల మీదికి తెచ్చే పొహండి, ఆ తర్వాత పూరీ గజపతి మహారాజు బంగారు చీపురుతో రథాలు ఊడ్చే ఛెరాపహరా, ఆపైన మెట్లు తీసి కొయ్య గుర్రాలు కట్టడం, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఇదంతా సింహద్వారం ముందు, పోలీసులు తాళ్లు కట్టిన హద్దు లోపల జరుగుతుంది. ఇవతల నిలబడ్డ మనకి దక్కేది ముందువాడి వీపు, వాడు పైకెత్తిన ఫోను, మధ్యమధ్యలో ఉక్కకి తట్టుకోలేకుండా ఉన్న జనం మీద చల్లే నీళ్లు.

పోనీ కదిలాకైనా చూస్తామా అంటే, ముందు బలభద్రుడి తాళధ్వజం, తర్వాత సుభద్ర దర్పదళనం, చివర్లో జగన్నాథుడి నందిఘోష బయల్దేరతాయి. రథాలు చేరాల్సిన గుండిచా మందిరం దాకా బొడొదండొ, అంటే రథాలు నడిచే పెద్ద వీధి, పొడవు సుమారు 3 కిలోమీటర్లే, కానీ పొద్దు గుంకితే లాగడం ఆపేస్తారు, రథం ఎక్కడుంటే ఆ రాత్రికి అక్కడే. 2025లో నందిఘోష మొదటి రోజు కాస్త దూరమే కదిలి ఆగిపోయింది, గుండిచా చేరింది మర్నాడు. అంటే అటు చివర జాగా పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ రోజు జగన్నాథుడి రథమే రాలేదు. మన విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను అలా కాదు కదా, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, ఒకసారి సరిగ్గా కనపడకపోతే విసరాల్సిన అరటిపండు చేత్తో పట్టుకుని రెండోసారికి చూసుకోవచ్చు.

డబ్బులిచ్చి మేడెక్కడం ఒక దారి. ఊపిరాడుతుంది, జన సముద్రం కనిపిస్తుంది, ఏ రథం ఏదో గుడ్డ రంగు బట్టి చెప్పేయొచ్చు: ఎరుపూ పసుపూ జగన్నాథుడిది, ఎరుపూ ఆకుపచ్చా బలభద్రుడిది, ఎరుపూ నలుపూ సుభద్రది. కానీ మేడ రథానికి పక్కగా ఉంటే కనిపించేది ఆ గుడ్డే, లోపలున్న దేవుడు కాదు. పైగా రథం మీ మేడ దాకా వచ్చేసరికి చీకటి పడిందంటే ఇచ్చిన డబ్బులు గోవిందా.

నన్నడిగితే పూరీకి ఏకాదశి నాడు వెళ్లాలి, మన తొలి ఏకాదశి రోజే. ముందురోజు దశమి నాడు బహుడా, అంటే తిరుగు ప్రయాణం, దారిలో మౌసీమా, అంటే పినతల్లి, గుడి దగ్గర ఆగి జగన్నాథుడు పొడొపిఠా అనే కాల్చిన పిండివంట ఆరగిస్తాడు. ఏకాదశి సాయంత్రం సింహద్వారం ముందు ఆగి ఉన్న రథాల మీదే సునాబేష, అంటే బంగారు అలంకారం. చేతులు లేని ఆ స్వామికి బంగారు చేతులూ బంగారు పాదాలూ అమర్చి, కిరీటం పెట్టి కూర్చోబెడతారు. రథాలు కదలవు, జనమే వరసలో కదులుతారు, కాబట్టి ఎంతసేపైనా మన వంతు వస్తుంది. జనం తక్కువనుకోకండి, లక్షల్లోనే ఉంటారు. ఎలాగూ ఉపవాసం, పేలపిండి పొట్లం ఒకటి సంచిలో వేసుకుంటే లైన్లో ఓపిక నిలుస్తుంది.

రథాలు ఆగి ఉంటే భయం లేదనీ అనలేం. 2025 జూన్ 29 తెల్లవారుజామున గుండిచా మందిరం దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు, అప్పటికి రథాలు అక్కడికి చేరిపోయాయి. అందుకే చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పుల అత్తయ్యతో అయితే ఏకాదశి కూడా వద్దు.

వాళ్లకి మన ఊరే మేలు. పూరీ రథాలు ఒక్కోటీ 40 అడుగులు దాటిన ఎత్తు, 16 చక్రాలు, 14 చక్రాలు, 12 చక్రాలు, ఆ భారీతనం ఇక్కడ రమ్మన్నా రాదు, ఒప్పుకుంటాను. కానీ రథం కదలడం అనేది దగ్గరగా చూడాలంటే ఇక్కడే. తాడు బిగుసుకోవడం, ఘంట చప్పుడుకి జనం ఒక్కసారి ముందుకి వంగడం, ఇరుసు కిర్రుమనడం, చక్రం కింద దుంగ తోసేవాడు చటుక్కున చెయ్యి లాక్కోవడం, పిల్లలు భుజాల మీంచి ఇదంతా చూస్తారు. పాతపట్నం నుంచి వచ్చిన చుట్టాలు చీకటి పడకముందే ఇంటికి పోతారు, రూము వెతుక్కునే టెన్షన్ లేదు.

నేనైతే విదియకి ఇక్కడుండి ఏకాదశికి పూరీ బండెక్కుతాను. రాత్రి దర్శనమయ్యాక ఆ హడావుడిలో వెనక్కి బయల్దేరకుండా, స్టేషన్లో జనం పలచబడ్డాక పొద్దున్న రైలు పట్టుకోవడమే నయం.