హైవే రూపురేఖల్లో జనం మాట: కమిటీ మేలా, ఓటింగ్ మేలా?

హైదరాబాద్ దగ్గర చేవెళ్ళ దారిలో, రోడ్డు వెడల్పు కోసం మర్రిచెట్లు కొట్టేయొద్దన్న గొడవ మొదలైనప్పటి నుంచి చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "మా ఊరి మీదుగా కూడా ఫోర్‌లేన్ వస్తోంది. రోడ్డు ఎలా ఉండాలో మేం చెప్పే వీలుంటుందా? ఉంటే కమిటీ వేసుకుని కూర్చోవాలా, నాలుగు డిజైన్లు చూపించి ఓట్లు వేయించాలా?" రెండు పద్ధతులకీ మంచి ఉదాహరణలున్నాయి. అవి చెప్పి, నేను ఏ వైపో కూడా చెబుతాను.

ముందు ఓటింగ్ సంగతి. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపి నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రం ట్రాఫిక్‌తో సహా కూలిపోయింది. 13 మంది చనిపోయారు. కొత్త వంతెన ఎంత త్వరగా వస్తే అంత మంచిదన్న పరిస్థితి. అక్టోబరులో కాంట్రాక్టు ఇచ్చి, ఊరివాళ్ళని పిలిచి ఒక్కరోజు సమావేశం పెట్టారు. స్తంభాల ఆకారం, కాంక్రీటు రంగు, రెయిలింగు, లైట్లు, ఇలా ఒక్కోదానికి నమూనాలు చూపించి ఓట్లు వేయించారు. వంపు తిరిగిన స్తంభాలు, తెల్ల రంగు గెలిచాయి. 2008 సెప్టెంబరు 18న వంతెన తెరిచారు. ఆ రోజు జనం ఎంచుకున్న స్తంభాలు, రంగే ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి.

ఈ పద్ధతిని తక్కువ చేయడానికి లేదు. పొద్దంతా పని చేసుకునే మనిషి నెలల తరబడి మీటింగులకి రాలేడు, ఒక్కరోజైతే వస్తాడు. పైగా ఓటు వేసినది కళ్ళ ముందే లేస్తే నమ్మకం కుదురుతుంది. ఇబ్బందల్లా ఆ నమూనాలు ఎవరు తయారు చేశారన్న దగ్గరే. ఎన్ని లేన్లు, ఎటు నుంచి పోవాలి, ఏ చెట్టు ఉండాలి అన్నవి వాళ్ళు ముందే తేల్చేసుకుని వస్తారు. బొమ్మలో లేనిదానికి మనం ఓటు వేయలేం కదా.

ఇక కమిటీ దారి, అంటే ఊరివాళ్ళూ అధికారులూ కలిసి కూర్చుని మాట్లాడి తేల్చుకోవడం. అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలో ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్ అని ఆదివాసుల సొంత పాలనలో ఉన్న ప్రాంతం ఉంది. దాని మధ్య నుంచి యూఎస్ 93 హైవే వెళ్తుంది. ఎవారో నుంచి పోల్సన్ దాకా 56 మైళ్ళు, అంటే 90 కిలోమీటర్లు. రాష్ట్ర రవాణా శాఖ రోడ్డు వెడల్పు చేస్తామంది, సేలిష్, కూటెనాయ్ తెగల ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి పని నిలిచిపోయింది. చివరికి 2000 డిసెంబరులో తెగల ప్రభుత్వం, రాష్ట్ర శాఖ, కేంద్ర ప్రభుత్వ హైవే విభాగం మూడూ కలిసి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఈ నేలకి రోడ్డు చుట్టం, వచ్చిన చుట్టం ఇంటి తీరుని గౌరవించి మసలుకోవాలి అన్న భావం మీదే ఆ డిజైన్ అంతా నడిచింది. అందుకే రోడ్డు నేల వాలుని బట్టి మలుపులు తిరుగుతుంది. జంతువులు దాటడానికి నలభైకి పైగా దారులు కట్టారు. ఎవారో దగ్గర హైవే మీదుగా మట్టి పోసి, మొక్కలు పెంచి, జంతువుల కోసమే ఒక వంతెన వేశారు. బోర్డుల మీద చోట్ల పేర్లు తెగల భాషల్లోనూ రాశారు.

అక్కడిదే కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్, ప్యారిస్ ఊళ్ళ మధ్య ఉన్న ప్యారిస్ పైక్ కథ ఇంకా పొడుగు. గుర్రాల ఫారాల మధ్య నుంచి పోయే పాత రోడ్డు అది. వెడల్పు పనిని 1979లో కోర్టు ఆపింది. స్థానికులతో కూర్చుని డిజైన్ మళ్ళీ మొదటి నుంచి గీసుకుని, 2003కి గానీ పూర్తి చేయలేకపోయారు. అక్కడ దారి వెంట రాతి గోడలుంటాయి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైవరసలో రాళ్ళని నిలువుగా ఆనించి పెడతారు. రాయలసీమ చేల గట్ల మీద పేర్చిన గోడలు చూసినవాళ్ళకి ఆ పనితనం తెలుస్తుంది. వెడల్పు కోసం వాటిని కదపక తప్పలేదు. అందుకని విప్పదీసి, అదే పద్ధతిలో మళ్ళీ పేర్చారు. పోయే దారి, వచ్చే దారి అంతటా ఒకే ఎత్తులో ఉండవు, మధ్య ఖాళీ కూడా నేలని బట్టి పెరుగుతూ తగ్గుతూ పోతుంది. పాత చెట్లు కొన్ని ఆ ఖాళీలోనే బతికాయి.

కమిటీకీ లోపాలున్నాయి. తీరిక ఉన్నవాళ్ళు, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళే చివరిదాకా మిగులుతారు. కాలం కూడా బాగా పడుతుంది. అయినా నా ఓటు కమిటీకే. కారణం ఒక్కటే: ఒప్పుకున్నదాన్ని కాగితం మీదికి ఎక్కించేదాకా అది కూర్చోగలదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. కాంట్రాక్టరు డ్రాయింగులో, ఎస్టిమేట్‌లో ఉన్నదే చేస్తాడు, అతని పని అంతే. మా వైపు ఒక గ్రామసభలో రచ్చబండ దగ్గరి రావిచెట్టు జోలికి రామని ఇంజినీరుగారు నిండు సభలో మాటిచ్చారు. ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. తర్వాత వచ్చినాయన డ్రాయింగు పరిచి చూపించారు. అందులో రావిచెట్టు ఉన్న చోట డ్రైనేజీ గీత తప్ప ఏమీ లేదు. చెట్టు పోయింది. మోంటానాలో ఇలా జరిగే వీల్లేకుండా చేసింది ఆ ఒప్పందమే. మినియాపొలిస్‌లో ఓటింగ్ పనిచేయడానికి కూడా కారణం, వంతెన గీసేవాళ్ళు అదే గదిలో కూర్చుని ఫలితాన్ని డ్రాయింగులోకి తీసుకోవడం. కాబట్టి దారి, వెడల్పు, చెట్లు, గోడల సంగతి కమిటీ తేల్చాలి. రంగులు, రెయిలింగు, లైట్లకి ఊరందరితో ఓటు వేయించండి, సంతోషంగా వేస్తారు.

ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు గీయించడం గురించి కూడా అడుగుతారు. బాగుంటాయి, గీయించండి. కానీ అది కట్టడం అయ్యాక జరిగే పని. వెబ్‌సైట్‌లో సూచనలు తీసుకోవడమూ అంతే, ఉంటే మంచిదే.

మన దగ్గర చట్టం ఇచ్చే వీలు చాలా తక్కువ. భూసేకరణ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులుంటాయి, అదీ భూమి గురించే. జాతీయ రహదారి విస్తరణకి పర్యావరణ అనుమతి, దాంతోపాటు ప్రజాభిప్రాయ సేకరణ కావాలంటే మామూలుగా అది 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా తీసుకునే స్థలం వెడల్పు 40 మీటర్లకి మించాలి. చేవెళ్ళ మీదుగా పోయే రోడ్డు అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లే. దాని వెంట తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నా, వాటి కోసం జనం ఎన్‌జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్ళాల్సి వచ్చింది.

అందుకే సర్వేవాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజే కదలండి. డీపీఆర్, అంటే రోడ్డు పూర్తి ప్రణాళిక నివేదిక, తయారవుతుండగానే కన్సల్టెంట్‌ని ఊరంతా నడిపించి చూపించండి. ఉండాల్సిన ప్రతి చెట్టుకీ, బావికీ, గుడికీ నంబరు వేసి, ఎన్నో కిలోమీటరు దగ్గర ఏ పక్కన ఉందో జాబితా రాయండి. గ్రామసభ తీర్మానంతో అది పంపండి. టెండరు పిలిచే ముందు డ్రాయింగులు ఆర్టీఐ కింద అడిగి, మీ నంబర్లు అందులో ఉన్నాయో లేదో సరిచూడండి. అన్నిటి మీదా ఒప్పందం కుదరలేదని మొత్తం వదిలేయకండి. యూఎస్ 93 మీద నైన్‌పైప్ చిత్తడి నేలల దగ్గర మాట కుదరనప్పుడు ఆ ముక్కని విడిగా అధ్యయనానికి పెట్టి, మిగతా రోడ్డు పని మొదలుపెట్టారు.