వియెంటియాన్‌లో రెండు రోజులు: వరస తప్పితే ఊరు అర్థం కాదు

లావోస్ వెళ్తున్నామంటే అందరూ లువాంగ్ ప్రబాంగ్ మాటే ఎత్తారు. రాజధాని వియెంటియాన్‌కి ఒక్క పూట చాలట. మేం రెండు రోజులున్నాం. అయినా మొదటి రోజు వృథానే.

మొదట బంగారు స్తూపం థాట్ లువాంగ్‌కి వెళ్లాం. కళ్లు చెదిరేలా ఉంది గానీ, ఇప్పుడున్నది 1930లలో ఫ్రెంచివాళ్లు తిరిగి కట్టించింది. హో ఫ్రా కేవ్ గుడి కూడా అంతే, దాని పునర్నిర్మాణం 1942కి గానీ పూర్తి కాలేదు. అందులోని మరకత బుద్ధుణ్ణి 1779లోనే సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) సేనలు పట్టుకుపోయాయి, విగ్రహం ఇప్పటికీ బ్యాంకాక్‌లోనే. దేవుడు వెళ్లిపోయిన గుడి చూసినట్టుంది. ఇవన్నీ ఎందుకు కూలాయో తెలియకుండా చూస్తే ఏం లాభం?

ఆ సంగతి మర్నాడు, రోడ్డుకి అటువైపున్న సీసకెట్ గుడిలో తెలిసింది. దీన్ని 1818లో వియెంటియాన్ రాజు ఆనువోంగ్ కట్టించాడు. చిన్నప్పుడు బ్యాంకాక్‌లో బందీగా పెరిగినవాడు, సయాం సామంతుడు. గుడి తీరు కూడా సయాందే. ఆయన తిరగబడ్డాక, 1827-28లో సయాం సేనలు ఊరంతా తగలబెట్టాయి, దీన్ని మాత్రం వదిలేశాయి. తమ గుళ్ల పోలిక ఉందనే వదిలేశారంటారు. ఆనువోంగ్ 1829లో బ్యాంకాక్ చెరలోనే పోయాడు. పాడుబడ్డ ఊరు మళ్లీ తేరుకున్నది 1893లో ఫ్రెంచివాళ్లు వచ్చాకే. ప్రభువులు మారారు, అంతే.

చుట్టు వసారా గోడల నిండా చిన్న చిన్న గూళ్లు, ఒక్కో గూట్లో జంట బుద్ధులు. మా ఆవిడ లెక్కపెట్టడం మొదలెట్టి మొదటి మూలకే చేతులెత్తేసింది. ఒకచోట కటకటాల వెనక తలల్లేని, చేతుల్లేని విగ్రహాలు కట్టెల్లా గుట్టపోసి ఉన్నాయి. వెనకవైపు నాగుపాము ఆకారంలో పొడుగాటి చెక్క దోనె ఉంది. కొత్త సంవత్సరానికి అందులో పోసిన నీళ్లు బుద్ధుడి మీద పడతాయి. మన అభిషేకమే. గంటన్నర అక్కడే కూర్చున్నాం.

బస విషయానికొస్తే, నదికి ఎదురుగా ఉందని ఎక్కువ డబ్బు పోసి గది తీసుకున్నాం. ఏసీ నుంచి రాత్రంతా నీళ్లు కారాయి, గది మార్చమంటే నవ్వి ఊరుకున్నారు. రెండు సందులు లోపలికి మారితే సగం ధరకి శుభ్రమైన గది దొరికింది, సీసకెట్‌కి నడిచే వెళ్లాం. టుక్‌టుక్ ఎక్కేముందే బేరం తేల్చుకోండి. రైల్వే స్టేషన్ ఊరికి చాలా దూరం. శాకాహారులు కూర చెప్పేటప్పుడు చేపల సాస్ వద్దని కూడా చెప్పాలి. వెదురు బుట్టలో ఇచ్చే జిగురన్నం మాత్రం మాకు భలే నచ్చింది.

చివరి సాయంత్రం మెకాంగ్ గట్టున ఆనువోంగ్ విగ్రహం దగ్గరికెళ్లాం. చేయి చాచి నిలబడ్డాడు. ఎదురుగా థాయ్‌లాండ్ ఒడ్డు. దగ్గర్లోనే పాటలు పెట్టుకుని ఏరోబిక్స్ చేస్తున్న ఆడవాళ్లు మా ఆవిణ్ణి కూడా వరసలోకి లాగేశారు.