మణికట్టు దెబ్బ: రెండు వారాల కట్టా, ముందే ఎంఆర్‌ఐయా?

చేలగట్లు జారడం మొదలైతే ఈ ప్రశ్నా మొదలవుతుంది: "చెయ్యి ఆనించి పడ్డాను, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం పోలేదు. ఎంఆర్‌ఐ తీయించాలా?"

బొటనవేలు వెనక్కి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే కలుక్కుమన్నా, బొటనవేలిని మణికట్టులోకి నెడితే నొప్పెట్టినా స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపుండే చిన్న ఎముక) విరిగిందనే అనుమానించాలి. మొదటిరోజు నాలుగు కోణాల్లో ఎక్స్‌రే తీసినా కొన్ని బీటలు దొరకవు.

పాత పద్ధతి తెలిసిందే: పిండికట్టు వేసి 10-14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే. ఈలోగా బీట అంచులు కాస్త కరిగి గీత తేలుతుంది. ఖర్చు తక్కువ. కానీ అనుమానంతో కట్టు వేసినవాళ్లలో ఎక్కువమందికి చివరికి స్కాఫాయిడ్ విరగలేదనే తేలుతుంది. కొబ్బరి దింపు తీసేవాళ్లకూ రొయ్యల చెరువులో దిగేవాళ్లకూ ఉత్తపుణ్యానికి రెండు వారాల కూలి పోయినట్టే. నిజంగా విరిగినవాళ్లేమో వాపు తగ్గగానే, తడిసిందనో దురదనో కట్టు కోసేసి రెండో ఎక్స్‌రేకు రారు. నాటు కట్టుకో మర్దనాకో పోతారు. కట్టు వేసి ఆగడం కన్నా ముందే ఎంఆర్‌ఐ మేలని తేల్చేది ఇదేనని నా అభిప్రాయం. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి పారుతుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ఎముక ముక్క రక్తం అందక చచ్చిపోవచ్చు, అతకకపోతే కొన్నేళ్లకు మణికట్టే అరిగిపోతుంది.

ఎంఆర్‌ఐలో ఒకటి రెండు రోజులకే ఎముక మజ్జలో చేరిన నీరు స్టిర్ అనే రకం బొమ్మల్లో తెల్లగా వెలుగుతుంది, టీ1 అనే రకంలో బీట నల్లగీతగా కనిపిస్తుంది. ఈ ప్రశ్న వరకు ఈ రెండు రకాలే చాలు, బొమ్మ తేలడానికి ఇచ్చే మందు (కాంట్రాస్ట్) ఇంజెక్షన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే స్కాఫాయిడ్ అనుమానానికి మొదటి పరీక్షగా ఎంఆర్‌ఐని పరిశీలించమంది. కాకినాడో రాజమండ్రో వెళ్లేముందు మణికట్టు కాయిల్ (బొమ్మ స్పష్టంగా రావడానికి మణికట్టు చుట్టూ పెట్టే పరికరం) ఉందా అని ఫోన్‌లో అడగండి. చాలాచోట్ల చెయ్యి తలపైకి చాపించి బోర్లా పడుకోబెడతారు. నొప్పికి కదిలితే బొమ్మ చెడుతుంది కాబట్టి డాక్టర్ని అడిగి ముందే నొప్పి మాత్ర వేసుకోవాలి. రిపోర్టులో నీరు మాత్రమే ఉండి గీత లేకపోతే అది ఎముక కమిలిన దెబ్బ. దాన్ని ఫ్రాక్చర్ అనుకుని ఆరు వారాలు కట్టు బిగించడమూ తప్పే.

సీటీ స్కాన్ అయితే, విరిగిన ముక్కలు ఎంత జరిగాయో చూడటానికి, ఆపరేషన్ ముందు. బోన్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) ఊసే వద్దు.

మొదటి ఎక్స్‌రేలోనే బీట కనిపిస్తే ఎంఆర్‌ఐకి డబ్బు పోయకండి. స్కాన్ అయ్యేదాకా మాత్రం స్లాబ్ (ఒకవైపే వేసే పిండికట్టు) తీయకూడదు. వేలు వాచకముందే సబ్బు రాసి ఉంగరం తీసేయండి.