ట్యూబు డాక్ పేరుతో ఎర్ర లైటు అంటగడుతున్నారు, జాగ్రత్త

రాజమండ్రిలో ఆడియో సామాన్లు అమ్మే ఒకాయన గురించి ఇది. పేరు రాయను. చీకట్లో ఎర్రగా వెలిగే ట్యూబుల (పాత వాల్వు రేడియోల్లో ఉండే గాజు వాల్వులే) ఫోటోలు రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు, కోనసీమలో పాటల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ పాటికి అర్థమైపోయి ఉంటుంది.

లాప్‌టాప్‌లో దాచుకున్న ఘంటసాల, సుశీల పాటలు మంచి స్పీకర్ల మీద వినాలని డాక్ కోసం, అంటే లాప్‌టాప్‌లోని డిజిటల్ పాటని స్పీకర్లకి పనికొచ్చే సౌండుగా మార్చే డబ్బా కోసం, వెతుకుతున్నాను. సాలిడ్ స్టేట్‌ది, అంటే ట్యూబుల్లేకుండా చిప్పులతోనే నడిచేది చాలు, 2,500కే వస్తుందని మా బావ చెప్పాడు. ఈయనేమో "ఆయ్, పాత పాటలకి ట్యూబేనండి. మీ నాన్నగారి వాల్వు రేడియోలో వచ్చే తియ్యదనం చిప్పుల్లో ఎక్కడొస్తుందండి" అని నమ్మబలికి 6,500కి ఒకటి చేతిలో పెట్టాడు. డబ్బా మీద 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని అచ్చేసి ఉంది, సౌండుని ఎంత వివరంగా ఇవ్వగలదో చెప్పే అంకెలివి.

ఇంటికొచ్చి స్విచ్ వేశాను. వేసీ వేయగానే ట్యూబులు రెండూ ఎర్రగా వెలిగాయి, పాట కూడా ఆ క్షణమే వచ్చేసింది. అనుమానం అక్కడే మొదలైంది. నిజం ట్యూబులో లోపలి ఫిలమెంటు వేడెక్కితే గానీ సౌండు రాదు, దానికి కొన్ని సెకన్లయినా పడుతుంది. గాజు ముట్టుకుంటే చల్లగా ఉంది. పాటలో నిశ్శబ్దం వచ్చిన ప్రతిచోటా వెనకాల గుయ్యిమని ఒకటే రొద.

తిరిగి కొట్టుకెళ్లి, ఆయన స్పీకర్లకే తగిలించాను. స్విచ్ ఆపి, ట్యూబులు రెండూ సాకెట్లలోంచి లాగేసి, బల్ల మీద పెట్టి, మళ్లీ స్విచ్ వేశాను. పాట హాయిగా వస్తోంది! ఖాళీ సాకెట్ల నడుమ చిల్లుల్లోంచి ఎర్ర లైటు పైకి కొడుతూనే ఉంది. కింద ఎల్ఈడీలు పెట్టారు. "ట్యూబులు తీసేసినా పాట వస్తోంది కదండీ, మరి ఇవెందుకు?" అని అడిగాను. ఫోనులోంచి తలెత్తకుండా "అందానికండి. అందరూ లైటు చూసే కొంటారు. మీ ఒక్కరికే ఈ గోల" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. డబ్బు తిరిగిమ్మంటే బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు.

డబ్బు సంగతి తర్వాత, "మీ ఒక్కరికే ఈ గోల" అన్న మాటకి నా ఒళ్లు మండిపోయింది. మా నాన్నగారు రేడియో ముందు కూర్చుని విన్న పాటలవి. వాటి మీద నాకున్న ప్రేమని పట్టుకునే నన్ను మోసం చేశాడు.

మా బావ మూత విప్పి చూశాడు. చిప్పు మీద పీసీఎం 2704 అని ఉంది. అది 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాటదు. అంటే డబ్బా మీది అంకెలు కూడా పచ్చి అబద్ధం.

అసలు నికార్సైన ట్యూబు డాక్‌లో కూడా డిజిటల్‌ని సౌండుగా మార్చేది చిప్పే. ట్యూబు ఆ తర్వాత, అవుట్‌పుట్ దగ్గర వస్తుంది. 12ఏఎక్స్7 లాంటి ట్యూబుకి కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో (డేటాషీటు) లోపలి ప్లేటుకి ఇవ్వాల్సిన వోల్టేజీకి 100, 250 వోల్టుల లెక్కలుంటాయి. అంత వోల్టేజీ రొద లేకుండా ఇచ్చే పవర్ సప్లైకే బోలెడు ఖర్చు. ఆరేడు వేలలో మంచి చిప్పు, మంచి ట్యూబు, మంచి సప్లై మూడూ రావు. చేతిలో ఉన్నది ఇంతే అయితే కళ్లు మూసుకుని సాలిడ్ స్టేట్‌ది తీసుకోండి. బావ దగ్గరున్న పీసీఎం 5102 చిప్పు డాక్‌ని నా స్పీకర్లకే పెట్టి విన్నాం. చరణానికి ముందు సుశీల గారు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఆ ట్యూబు డబ్బాలో అదంతా రొద కింద కలిసిపోయింది.

ట్యూబుదే కావాలనుకుంటే కొట్లోనే స్విచ్ ఆపించి చూడండి. ఫిలమెంటు వెలుగు మెల్లగా తగ్గుతుంది, ఎల్ఈడీ టక్కున ఆరిపోతుంది. కరెంటుకి నేరుగా తగిలించే పెద్ద వాటిలో ట్యూబులు పీకడం, మూత విప్పడం లాంటివి చేయకండి, షాక్ కొడుతుంది. ఇంకోటి, బిల్లు మీద ముద్ర చూసి భయపడొద్దు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే, బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజుల లెక్క. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు కూడా లేదు. ఆయన దగ్గర ఇదే మోడల్ కొన్నవాళ్లుంటే బిల్లు, డబ్బా ఫోటోలు దగ్గర పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి.