నడుము నొప్పికి సూదా, కరెంటా?

నడుము నొప్పితో ఫిజియోథెరపీకి వెళ్లేవారి ముందు తరచుగా రెండు మార్గాలుంటాయి: టెన్స్ అనే విద్యుత్ ప్రేరణ, డ్రై నీడిలింగ్.

టెన్స్‌లో చర్మానికి జిగురు ప్యాడ్లు అంటించి, సాధారణంగా సెకనుకు 80 నుంచి 100 సార్లు స్వల్ప విద్యుత్తును పంపుతారు. అది స్పర్శ నాడులను ప్రేరేపించి, నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే అడ్డుకుంటుందన్న వివరణకు 1965లో నొప్పి పరిశోధకులు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతమే ఆధారం. చీమలు పాకినట్లుండే ఆ జివజివ ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది గానీ, యంత్రం ఆపాక ఉపశమనం సాధారణంగా ఎక్కువసేపు నిలవదు. ఇంట్లో స్వయంగా వాడుకోగలగడం దీని సౌలభ్యం. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం వైద్యుని అనుమతి లేనిదే వాడరాదు.

డ్రై నీడిలింగ్‌లో మందేమీ లేని సన్నని సూదిని, వేళ్లకు తగిలే కండరపు ముడిలోకి నేరుగా దించుతారు. సరైన చోట తగిలితే కండరం ఒక్కసారిగా అదిరిపడుతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు సలుపు ఉండవచ్చు. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు ముందే చెప్పాలి. 12వ పక్కటెముక సమీపంలో సూది దారి తప్పితే ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదముంది కనుక, నేర్పులేని చేతికి నడుము అప్పగించకూడదు.

దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు సూది చికిత్సలను షరతులతో అంగీకరించి, టెన్స్‌ను వద్దన్నాయి. నా మొగ్గు కూడా సూదివైపే, అదీ వ్యాయామానికి తోడుగా మాత్రమే. మూత్రంపై పట్టు తప్పినా, కాలు బలహీనపడినా ఈ రెండింటినీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.