డంపర్ డ్రైవర్లే కాదు, కూలీలూ వెళ్లవలసిన శిక్షణ

దామరచర్ల దగ్గరి సున్నపురాయి గనిలో డంపర్ నడుపుతాను. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ఐదేళ్లకోసారి తీసుకోవలసిన పునశ్చరణ శిక్షణకు ఈమధ్య మిర్యాలగూడ వైపున్న ఒక కేంద్రానికి వెళ్లాను. సంతకాలు పెట్టించుకుని పంపించే తంతు కాదిది. నిజంగా నేర్పారు.

అన్నిటికన్నా విలువైన పాఠం ఆగి ఉన్న డంపర్ దగ్గర జరిగింది. బోధకుడు ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. ఎడమ ముందు చక్రం పక్కన ఒక కార్మికుణ్ణి నిలబెట్టారు. ఎంత మెడ చాచినా అతని హెల్మెట్ అంచు కూడా కనిపించలేదు. తర్వాత మమ్మల్ని ఆ మనిషి నిలబడిన చోటికి పంపి, అక్కడి నుంచి డ్రైవర్ ముఖం కనబడుతోందా అని అడిగారు. ఎవరికీ కనబడలేదు.

పేలుళ్ల తరగతి బాగుంది. మందు పేలకుండా మిగిలిన రంధ్రంలో మళ్లీ డ్రిల్లింగ్ చేయకూడదని డ్రిల్లర్లకు గట్టిగా చెప్పారు. దుమ్ము సంగతి మాత్రం హడావిడిగా ముగించారు. ముక్కుకు చుట్టిన తువ్వాలు సన్నటి దుమ్మును ఆపదని, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులకు సిలికోసిస్ జబ్బు వస్తే నయం కాదని ఇంకా వివరంగా చెప్పవలసింది.

నాకు కోపం తెప్పించింది పరీక్ష కాగితం. ఇంగ్లీషులో ఇచ్చారు! మాతో ఒడిశా కూలీలూ ఉన్నారు. ప్రశ్నలు తెలుగులో, హిందీలో చదివి వినిపించినా చాలు. భోజనం ఫరవాలేదు.

గని యజమానులు పార పట్టే కాంట్రాక్టు కూలీలనూ, ఆ రోజుల కూలి కోయకుండా, ఇక్కడికి పంపాలి.